తెలిసిన లెక్క తప్పరాదు

పరీక్షలో తప్పులు రెండు విధాలు. తెలియక చేసే తప్పు ఒకటి. తెలిసి ఉండీ చేసే తప్పు మరొకటి. మొదటిదానికి మందు చదువు. గురువును ఆశ్రయించి, పుస్తకం ముందు కూర్చుని అభ్యాసం చేస్తే అది తొలగిపోతుంది. రెండవదానికి చదువొక్కటే చాలదు. ఎంత చదివినవానినైనా అది వదలదు. పైగా బాగా చదివినవానినే ఎక్కువగా బాధిస్తుంది. ఇంటర్మీడియట్ గణితంలో విద్యార్థులు పోగొట్టుకొనే మార్కులలో పెద్దభాగం ఈ రెండవ తెగ తప్పులవల్లనే పోతున్నదని నా అభిప్రాయం. ఆ తప్పులకు మూలం గణితజ్ఞానంలోని లోపం కాదు. చదవడంలోను, రాయడంలోను ఉన్న లోపం.

తెలుగు బోధించేవానికి గణితం ఊసెందుకని మీరు అడగవచ్చు. ఏ విషయంలో పరీక్ష జరుగుతున్నదో ఆ విషయాన్ని బోధించేవారికి ఆనాడు గదిలో పర్యవేక్షణ అప్పగించరు. అందుచేత గణితం పరీక్షనాడు బల్లల నడుమ నడిచే భాగ్యం మావంటి భాషాధ్యాపకులకు దక్కుతుంది. ఎన్నో ఏళ్ళుగా ఆ మూడు గంటలూ నేను విద్యార్థుల ముఖాలనే చదువుతున్నాను.

ఒక సంవత్సరం జరిగిన సంగతి ఇప్పటికీ మనసులో మెదులుతుంది. చివరి పదిహేను నిమిషాలను సూచించే గంట మోగింది. ముందు వరుసలోని బాలుడొకడు తన సమాధాన పత్రాన్ని వెనుకకు తిప్పి చూస్తూ ఒకచోట ఆగిపోయాడు. ముఖం పాలిపోయింది. నిండుగా రాసిన పుటను అడ్డంగా కొట్టివేశాడు. తిరిగి రాయబోయాడు, చేయి వణికింది, ఇంతలో వేళ అయిపోయింది. పత్రం ఇస్తూ అతడన్న మాట ఒక్కటే: "లెక్క నాకు వచ్చు సార్. ప్రశ్ననే తప్పు చదివాను." చదవడం నేర్పేది నా వృత్తి. ఆ మాట నాకు తగిలింది. ఆనాటి నుండి గణితం బోధించే మిత్రులను అడిగి, దిద్దిన పత్రాలు చూపించుకొని, ఈ తప్పుల తీరును గ్రహించే ప్రయత్నం చేశాను.

ఆ బాలుడు తప్పు చదివిన ప్రశ్న వంటిదే ఒకటి చూద్దాం. నలుగురు బాలురు, ముగ్గురు బాలికలు ఒక వరుసలో కూర్చోవాలి. ఏ ఇద్దరు బాలికలూ పక్కపక్కన ఉండరాదు. ఎన్ని విధాలుగా కూర్చోగలరు? తొందరపడినవాడు ఈ ప్రశ్నను 'బాలికలందరూ ఒక్కచోట ఉండరాదు' అని చదువుకొంటాడు. ఏడుగురు కూర్చునే విధాలు మొత్తం 5040. ముగ్గురు బాలికలూ ఒక్కచోట ఉండే విధాలు 720. తీసివేస్తే 4320. లెక్క చక్కగా వచ్చింది. కాని అది అడిగిన ప్రశ్నకు జవాబు కాదు. ఇద్దరు బాలికలు ఒకచోట, మూడవ బాలిక వేరొకచోట ఉన్న అమరికలన్నీ అందులో చేరిపోయాయి. అడిగినదానికి దారి వేరు. ముందుగా బాలురు 24 విధాలుగా కూర్చుంటారు. వారి నడుమ, ఇరు చివరలతో కలిపి, అయిదు ఖాళీలు ఏర్పడతాయి. ఆ ఖాళీలలో ముగ్గురు బాలికలు 60 విధాలుగా కూర్చుంటారు. 24ను 60తో గుణిస్తే 1440. 'అందరూ కలిసి ఉండరాదు', 'ఏ ఇద్దరూ కలిసి ఉండరాదు' అనే రెండు వాక్యాల నడుమ ఉన్న దూరం 2880 అమరికలు! నిషేధాన్ని ఏ పదానికి అన్వయించాలో తెలియకపోవడమే ఆ దూరానికి కారణం. ఇది వ్యాకరణ దోషమే కాని గణిత దోషం కాదు.

సంభావ్యతలోనూ ఇదే కథ. మూడు నాణేలను ఎగురవేస్తే 'కనీసం రెండు బొమ్మలు', 'కచ్చితంగా రెండు బొమ్మలు', 'గరిష్ఠంగా రెండు బొమ్మలు' అనే మూడు ప్రశ్నలకు మూడు వేరువేరు జవాబులు. ఎనిమిది పర్యవసానాలలో మొదటిదానికి నాలుగు, రెండవదానికి మూడు, మూడవదానికి ఏడు అనుకూలమైనవి. వాక్యంలో మారినది ఒకే ఒక్క విశేషణం. అట్లే 'పరస్పర వివర్జిత ఘటనలు', 'స్వతంత్ర ఘటనలు' అనే మాటలను ఒకటిగా భావించేవారు ఎందరో. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి కాలం నుండి పాఠ్యగ్రంథాలలో స్థిరపడిన ఈ పరిభాషను కంఠస్థం చేస్తున్నారు గాని విప్పి చూడడం లేదు. వివర్జితమంటే విడిచిపెట్టినది. ఒక నాణేనికి బొమ్మ పడితే బొరుసు పడదు. ఒకటి రెండవదానిని వర్జిస్తుంది. అంటే మొదటిది జరగడం రెండవదాని అవకాశాన్ని పూర్తిగా తుడిచిపెట్టింది. అటువంటప్పుడు అవి స్వతంత్రాలు ఎట్లా అవుతాయి? రెండు వేరువేరు నాణేలలో ఒకదానికి బొమ్మ పడడం రెండవదానిని ఏమీ చేయదు, స్వాతంత్ర్యమంటే అది. పదాన్ని విప్పగలిగినవానికి సూత్రం తానై గుర్తుంటుంది.

మన పూర్వులకు ఈ సంగతి తెలుసు. మహావీరాచార్యుని 'గణితసారసంగ్రహా'న్ని అనుసరించి పావులూరి మల్లన తెలుగులో గణితగ్రంథం రచించాడు. లెక్కలను పద్యాలలో కూర్చాడు. భాస్కరాచార్యుని 'లీలావతి' కూడా పద్యమయమే. ఆ కాలపు విద్యార్థి లెక్క చేయడానికి ముందు పద్యానికి అన్వయం చెప్పుకోవాలి. ఏ విశేషణం ఏ విశేష్యానిదో తేల్చుకోవాలి. అర్థం కుదిరిన తరువాతనే అంకెలలోకి దిగాలి. నేటి విద్యార్థికి కూడా నా సలహా ఇదే. తెలుగు పరీక్షలో పద్యానికి ప్రతిపదార్థం రాసే ఓర్పునే గణితం ప్రశ్న మీద చూపండి. ఇచ్చినది ఏది, అడిగినది ఏది, నిబంధన ఏది అని మూడు ముక్కలుగా ప్రశ్నను విడదీయండి. 'కనీసం', 'మాత్రమే', 'ఏ రెండూ', 'శూన్యేతర', 'ధన పూర్ణాంకం' వంటి మాటల కింద గీత గీయండి. అందుకు పట్టేది అర నిమిషం. అది ఆదా చేసేది ఒక పుట.

చదవడంలోని తప్పులు ఇటువంటివి కాగా, రాయడంలోని తప్పులు మరింత సూక్ష్మమైనవి. ఛందస్సు చదివిన మీకు ఒక పోలిక చెబుతాను. ఉత్పలమాల పాదంలో మొదటి గురువును తీసి దాని స్థానంలో రెండు లఘువులు ఉంచండి. అది చంపకమాల పాదమైపోతుంది. ఇరవై అక్షరాలు ఇరవైయొకటవుతాయి. గణాల పేర్లన్నీ మారిపోతాయి. పదవ అక్షరం మీద ఉన్న యతిస్థానం పదకొండవ అక్షరం మీదికి జరుగుతుంది. మారినది ఒక్క గురువే, మారిపోయింది వృత్తమే. గణితంలో ఋణ చిహ్నం అటువంటిది. 5 − (2య − 3) అన్నప్పుడు కుండలీకరణం విప్పితే 5 − 2య + 3, అనగా 8 − 2య రావాలి. లోపలి రెండవ పదానికి చిహ్నం మార్చడం మరచినవాడు 2 − 2య అని రాస్తాడు. అక్కడి నుండి అతడు చేసే ప్రతి పనీ నిర్దుష్టమే. కాని అతడు నడుస్తున్నది వేరే వృత్తంలో!

ఇక్కడ 'య' అన్నానేమని ఆశ్చర్యపడవద్దు. తెలియని రాశిని మన ప్రాచీన గణితజ్ఞులు 'యావత్తావత్' అన్నారు. 'యా' అనే తొలి అక్షరంతో దానిని సూచించారు. ఆ సంప్రదాయాన్ని తలచుకొని తెలియని రాశికి 'య' అని రాస్తున్నాను.

ఈ 'య' విషయంలో జరిగే పొరపాట్లలో పెద్దది తొందరపడి కొట్టివేయడం. య² = 5య అనే సమీకరణాన్ని ఇస్తే ఇరువైపులా 'య'తో భాగించి య = 5 అని ముగిస్తారు. 'య' శూన్యమైతే దానితో భాగించే హక్కు మనకు లేదు. భాగించిన క్షణంలో శూన్యం అనే రెండవ మూలం మాయమయింది. అన్నిటినీ ఒకవైపు చేర్చి, కారణాంకాలుగా విడదీస్తే రెండు మూలాలూ దక్కుతాయి. త్రికోణమితిలో ఈ నష్టం ఇంకా ఎక్కువ. 2 సైన్ య కాస్ య = కాస్ య అనే సమీకరణాన్ని 0° నుండి 360° లోపల సాధించమంటే, కాస్ య కొట్టివేసినవానికి 30°, 150° మాత్రమే దొరుకుతాయి; 90°, 270° పోతాయి. సగం సాధనలు ఒక్క గీతతో పోయాయి.

కొట్టివేతవల్ల సాధన పోతే, వర్గం చేయడంవల్ల లేని సాధన వచ్చి చేరుతుంది. √(య + 6) = య అన్న సమీకరణాన్ని వర్గం చేస్తే య² − య − 6 = 0 వస్తుంది. మూలాలు 3, −2. ఈ రెండింటినీ జవాబుగా రాసినవాడు మోసపోయినట్లే. −2ను మొదటి సమీకరణంలో ఉంచి చూడండి. ఎడమవైపు 4కు వర్గమూలం, అంటే 2, కుడివైపు −2. రెండూ సమానం కావు. పిలవని పేరంటానికి వచ్చిన అతిథి అది. వచ్చినవారిని వాకిట్లోనే గుర్తించి పంపాలి. వర్గం చేసిన ప్రతిసారీ జవాబును మూల సమీకరణంలో ఉంచి చూడడం తప్పనిసరి నియమంగా పెట్టుకోవాలి. అట్లే అసమీకరణాన్ని ఋణసంఖ్యతో భాగించినప్పుడు గుర్తు దిశ మారుతుందని మరువరాదు. −2య < 6 అయితే య > −3.

మాత్రికలలో మరొక ఉచ్చు ఉంది. సంఖ్యలతో అలవాటైన చేయి, క, గ అనే రెండు మాత్రికలకు కూడా (క + గ)² = క² + 2కగ + గ² అని రాసేస్తుంది. మాత్రికల గుణకారంలో వరుస ముఖ్యం. కగ, గక సాధారణంగా ఒకటి కావు. అక్కడ క² + కగ + గక + గ² అనే రాయాలి. మన సమాసాలలో మాత్రం వరుస మారితే అర్థం నిలుస్తుందా? పూలతోట వేరు, తోటపూలు వేరు.

సమాకలనంలో అలవాటుగా జరిగే లోపాలు మూడు. అనిశ్చిత సమాకలనిలో స్థిరాంకాన్ని వదలివేయడం మొదటిది. నిశ్చిత సమాకలనిలో చలరాశిని మార్చి అవధులను మార్చకపోవడం రెండవది. 1 + య² స్థానంలో కొత్త చలరాశిని తెచ్చినప్పుడు 0 నుండి 1 వరకు ఉన్న అవధులు 1 నుండి 2 వరకు అవుతాయి. ఇల్లు మారినవాడు చిరునామా మార్చుకోవద్దా? వైశాల్యానికీ సమాకలనికీ భేదం చూడకపోవడం మూడవది. య³ అనే ప్రమేయానికి −1 నుండి 1 వరకు సమాకలని విలువ శూన్యం. వక్రానికీ అక్షానికీ నడుమ వైశాల్యం అడిగితే కూడా శూన్యమనే రాస్తారు. కంటి ముందు బొమ్మలో రెండు ప్రదేశాలు కనబడుతుండగా వైశాల్యం శూన్యమెట్లా అవుతుంది? అక్షానికి దిగువ భాగాన్ని వేరుగా తీసుకొని కలిపితే 1/2 వస్తుంది. ఒక చిన్న చిత్రం గీసుకొన్నవాడు ఈ తప్పు చేయడు.

నిరూపణలలో జరిగే దోషం తర్కానికి సంబంధించినది. గణితానుగమన పద్ధతిలో మొదటి మెట్టును మొక్కుబడిగా రాసేవారు, అసలే వదలివేసేవారు ఉన్నారు. దాని విలువ తెలియాలంటే ఈ అసత్యాన్ని పరీక్షించండి: 2 + 4 + 6 + … + 2న = న² + న + 5. ఒక సంఖ్యకు ఇది నిజమనుకొంటే తరువాతి సంఖ్యకూ నిజమని తేలికగా నిరూపించవచ్చు. కాని న = 1 అయినప్పుడు ఎడమవైపు 2, కుడివైపు 7. పునాది లేని మేడలో పై అంతస్తులన్నీ ఎంత చక్కగా కుదిరినా ఏమి లాభం? మరొక దోషం వ్యత్యయాన్ని నిజమనుకోవడం. వాన కురిస్తే వాకిలి తడుస్తుంది. వాకిలి తడిసినంత మాత్రాన వాన కురిసినట్లు కాదు, అమ్మ కళ్ళాపి చల్లి ఉండవచ్చు. అవకలనీయ ప్రమేయానికి స్థానిక గరిష్ఠం ఉన్నచోట అవకలజం శూన్యమవుతుంది. శూన్యమైన ప్రతిచోటా గరిష్ఠమో కనిష్ఠమో ఉంటుందనరాదు. య³ ప్రమేయానికి శూన్యం వద్ద అవకలజం శూన్యమే. కాని అక్కడ గరిష్ఠమూ లేదు, కనిష్ఠమూ లేదు.

ఈ తప్పులన్నింటికీ విద్యార్థులు పెట్టుకొన్న ముద్దుపేరు 'సిల్లీ మిస్టేక్'. ఆ పేరే నాకు అభ్యంతరకరంగా తోస్తుంది. తప్పుకు అల్పమైన పేరు పెట్టి దానిని క్షమించి వదలివేస్తున్నాము. 1999లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా అంగారకునివద్దకు పంపిన ఒక నౌక నాశనమయింది. ఒక బృందం సమకూర్చిన విలువలు ఆంగ్లేయ ప్రమాణాలలో ఉండగా, వాటిని వాడుకొన్నవారు మెట్రిక్ ప్రమాణాలుగా స్వీకరించడమే దానికి కారణం. అక్కడ గణితం తెలియనివారు ఎవరూ లేరు. ప్రమాణాన్ని సరిచూడకపోవడం అల్పమైన పొరపాటే. ఫలితం అల్పమైనది కాదు.

వేగమే ప్రధానమని వాదించేవారు ఉన్నారు. వారి వాదంలో కొంత సత్యం లేకపోలేదు. ఇంజనీరింగ్ ప్రవేశపరీక్షలో 180 నిమిషాలలో 160 ప్రశ్నలను ఎదుర్కోవలసిన విద్యార్థికి వేగం అవసరమే. అక్కడ దారి అడగరు, గమ్యమే అడుగుతారు. అయితే ఆ పరీక్షకు నేర్చిన అడ్డదారులను వ్యాసరూప సమాధానాలలో వాడడం అనుచితం. ఇక్కడ మూల్యాంకనం చేసేవారు మెట్టుమెట్టుకూ మార్కులిస్తారు. నాలుగు మెట్లు మనసులో ఎక్కి అయిదవ మెట్టును కాగితం మీద పెట్టినవాడు జవాబు సరియైనా కొంత నష్టపోతాడు. జవాబు తప్పయితే సర్వం నష్టపోతాడు. మెట్లన్నీ రాసినవానికి ఒక చిహ్నం తప్పినా చాలా మార్కులు మిగులుతాయి. పైగా వివరంగా రాసిన లెక్కలోనే తప్పు కంటికి కనబడుతుంది. మనసులో చేసిన లెక్కలో తప్పు మనసులోనే దాగి ఉంటుంది.

అంత వివరంగా రాయడానికి వ్యవధి ఎక్కడిదని అడగవచ్చు. ఏళ్ళ తరబడి అమలులో ఉన్న 75 మార్కుల ప్రశ్నపత్రాన్నే ఉదాహరణగా తీసుకొందాం. రెండు మార్కుల ప్రశ్నలు పది, నాలుగు మార్కులవి అయిదు, ఏడు మార్కులవి అయిదు రాయాలి. వాటికి వరుసగా ఒక్కొక్కదానికి 4, 8, 15 నిమిషాలు కేటాయిస్తే 40, 40, 75 కలిసి 155 నిమిషాలు. మూడు గంటలలో ఇంకా 25 నిమిషాలు మిగిలాయి. పది నిమిషాలు మొదట ప్రశ్నలు చదవడానికి, పదిహేను నిమిషాలు చివర సరిచూడడానికి. ప్రశ్నపత్రం రూపం మారవచ్చు. ఈ విధంగా ముందే పంచుకొనే పద్ధతి మారదు. ఒక లెక్క దగ్గర నిర్ణీత సమయం దాటితే చోటు విడిచి ముందుకు సాగాలి. అభిమానానికి పోయి ఒక్క లెక్కతో కుస్తీ పట్టినవాడు రెండు తేలిక లెక్కలను బలి ఇస్తాడు.

సరిచూడడమంటే రాసినదానిని మళ్ళీ అదే కంటితో చదవడం కాదు. తాను రాసిన పత్రంలోని అచ్చుతప్పు రచయితకు కనబడదు. రాయదలచినదే అతనికి కనబడుతుంది. కనుక వేరే దారిన రావాలి. సమాకలనం చేసినదానిని అవకలనం చేసి చూడాలి. మూలాలను సమీకరణంలో ఉంచి చూడాలి. సూత్రం మీద అనుమానం కలిగితే చిన్న సంఖ్యలతో పరీక్షించాలి. 3, 4ల మొత్తానికి వర్గం 49, వాటి వర్గాల మొత్తం 25 అని ఒకసారి చూసినవాడు ఆ రెండింటినీ మళ్ళీ ఒకటనడు. సంభావ్యత ఒకటిని మించినా, పొడవు ఋణసంఖ్యగా వచ్చినా జవాబే మనలను హెచ్చరిస్తుంది. వినే చెవి ఉండాలి.

ఇవన్నీ పరీక్షనాటి ఉదయం అలవడేవి కావు. అందుకు నేను సూచించే సాధనం ఒక చిన్న పుస్తకం. అందులో సరియైన లెక్కలు రాయవద్దు. మీరు చేసిన తప్పులు మాత్రమే రాయండి. ఏ తేదీన, ఏ లెక్కలో, ఏ మెట్టువద్ద, ఎందుకు తప్పారో ఒక్కొక్క వాక్యంలో రాయండి. మూడు నెలలు గడిచేసరికి ఆ పుస్తకం మీకొక అద్దమవుతుంది. ఎవరి తప్పులు వారివే. ఒకరిది చిహ్నం, ఒకరిది తొందర, ఒకరిది ప్రశ్నను సగం చదివే అలవాటు. తన తప్పు తీరు తెలిసినవానికి ఎక్కడ జాగ్రత్తపడాలో తెలుస్తుంది.

ఈ విషయంలో పెద్దల బాధ్యతా తక్కువ కాదు. దిద్దిన పత్రంలో ఎర్ర సున్న చుట్టి వదలక, తప్పు ఏ తెగదో ఒక్క మాట రాయడం అధ్యాపకుని ధర్మం. 'ఎన్ని వచ్చాయి?' అని మాత్రమే అడిగే తల్లిదండ్రులు 'ఎక్కడ పోయాయి?' అని శాంతంగా అడగడం నేర్చుకోవాలి. మొదటి ప్రశ్న బిడ్డను భయపెడుతుంది; రెండవది ఆలోచింపజేస్తుంది. భయపడిన చేయి మరిన్ని తప్పులు చేస్తుందని ఆనాటి బాలుని వణికే చేతిని చూసిన నాకు తెలుసు.

ఇంత చెప్పిన తరువాత మరొక మాట చెప్పకపోతే నా మాట అసమగ్రమవుతుంది. శ్రీనివాస రామానుజన్ కుంభకోణం కళాశాలలో గణితేతర విషయాలలో తప్పి విద్యార్థివేతనాన్ని పోగొట్టుకొన్నాడు. పరీక్ష అతని ప్రతిభను కొలవలేకపోయింది. పరీక్ష కొలిచేది ఆ మూడు గంటల పనిని మాత్రమే, మనిషిని కాదు. తప్పిన పరీక్షను మళ్ళీ రాయవచ్చు. గణితం మనకు నేర్పే గొప్ప నీతి కూడా అదే: తప్పు ఏ మెట్టు మీద జరిగిందో వెదికి, అక్కడికి తిరిగి వెళ్ళి, అక్కడి నుండి సరిగా నడిస్తే జవాబు దొరుకుతుంది. మొత్తం కాగితాన్ని చించివేయవలసిన అవసరం ఏ లెక్కలోనూ లేదు.